కార్బ్యురేటర్ బుష్‌లకు చేతి ప్రెస్సే నయం

ఒక టన్ను ఒత్తిడి ఇచ్చే ఆర్బర్ ప్రెస్‌ను, అంటే లివర్‌ను చేత్తో లాగి భాగాలను నొక్కి దించే యంత్రాన్ని, కొన్నేళ్లుగా ఎక్కువగా ఒకే పనికి వాడుతున్నాను. చిన్న విమానాల పిస్టన్ ఇంజిన్లకు ఉండే కార్బ్యురేటర్లలో (గాలిలో ఇంధనం కలిపే భాగాల్లో) థ్రాటిల్ షాఫ్ట్ బుష్‌లు, అంటే గాలిని అదుపు చేసే బిళ్లను తిప్పే కడ్డీకి ఆధారంగా ఉండే చిన్న గొట్టాలు, మార్చడం ఆ పని. ఈ బుష్ అరిగితే షాఫ్ట్ సందులోంచి లెక్కలో లేని గాలి లోపలికి చొరబడి ఇంధనం, గాలి మిశ్రమం పలచబడుతుంది, ఐడ్లింగ్ (ఇంజిన్ నెమ్మదిగా ఖాళీగా తిరగడం) నిలకడ తప్పుతుంది.

ఈ ప్రెస్ గొప్పంతా లివర్‌లోనే ఉంది. ర్యామ్ (కిందికి నొక్కే కడ్డీ) దిగుతున్నంతసేపూ బుష్ ఎలా పోతోందో అరచేతికి తెలుస్తూనే ఉంటుంది. నిటారుగా దిగే బుష్ మొదటి నుంచి చివరి దాకా నిలకడగా ఎదురొత్తుతుంది. కాస్త ఒరిగిందా, లివర్ చటుక్కున బిగుసుకుంటుంది. వెంటనే ఆపవచ్చు. హైడ్రాలిక్ ప్రెస్‌కు ఆ మొహమాటం లేదు, ఒరిగిన బుష్‌తోనే కార్బ్యురేటర్ బాడీ అల్యూమినియం పోతను గీరుకుంటూ పోతుంది. పోయేది బుష్ అయితే బాధ లేదు, బాడీ పోతే ఎవరు ఇస్తారు?

కొత్తలో మాత్రం ర్యామ్ వదులుగా ఊగేది. గైడ్‌లలో పేరుకున్న రంగు గీకి, పక్క మరలు సరిచేసి, ర్యామ్ అడుగును చదును చేయిస్తే గానీ దారికి రాలేదు. తయారీదారు చేసి పంపవలసిన పని అది. కింది పలక కూడా గరుకే. కార్బ్యురేటర్ ఫ్లాంజ్‌ను (ఇంజిన్‌కు బిగించే అంచును) దాని మీద నేరుగా ఆనిస్తే గీతలు పడతాయి, గ్యాస్కెట్ దగ్గర మళ్లీ గాలి లీకవుతుంది. అందుకని బాడీ ఆకారానికి సరిపడే దిమ్మ, బుష్‌లో ఇమిడే మెట్టు ఉన్న మాండ్రిల్ (బుష్‌ను నొక్కే కడ్డీ) విడిగా చేయించుకున్నాను. అవి లేకుండా ఈ ప్రెస్‌ను ఎవరికీ సిఫారసు చేయను.

ఫ్లోటు, సీళ్లు తీసేసి బాడీని వేడి చేస్తే లివర్ మీద భారం బాగా తగ్గుతుంది. అల్యూమినియం ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు మీటరుకు సుమారు 23 మైక్రాన్లు పెరుగుతుంది. అంటే 10 మిల్లీమీటర్ల రంధ్రం 80 డిగ్రీల పెరుగుదలకు దాదాపు 0.018 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. బుష్, రంధ్రం కన్నా వెంట్రుకవాసి పెద్దదిగా ఉండే ఇంత సన్నటి బిగింపులో అది తక్కువేమీ కాదు. ఎంత వేడి, ఎంత బిగింపు అన్నది మాత్రం ఓవర్‌హాల్ మాన్యువల్ చెప్పినట్లే. బుష్ దిగాక దాని లోపలి రంధ్రం కుంచించుకుపోతుంది కనుక రెండు వైపుల బుష్‌లనూ పొడవాటి రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు చెక్కే పనిముట్టుతో) ఒకే వరుసలో సాపు చేయాలి. ప్రెస్ ఎంత మంచిదైనా ఆ పని తప్పదు.

ర్యామ్‌ను దించే పళ్లకు అప్పుడప్పుడూ గ్రీజు రాయడమే తప్ప మరో సేవ అడగలేదు. లివర్ వదిలితే ర్యామ్ దానంతట అదే జారడం మాత్రం ఇప్పటికీ చిరాకే. చిన్న స్ప్రింగ్ ఒకటి అమర్చి ఉంటే నా రెండు చేతులూ బుష్ దగ్గరే ఉండేవి.