జపాన్ రైలు, యూరప్ దారి: తైవాన్ హైస్పీడు రైలులో ఒక ప్రయాణం

తైపే స్టేషన్‌లో ప్లాట్‌ఫారాలు భూమి లోపల ఉంటాయి. తెల్లటి ఒంటి మీద నారింజ, నలుపు చారలున్న పన్నెండు పెట్టెల రైలు అక్కడికి వచ్చి ఆగినప్పుడు నేను ముందుగా చూసింది దాని మూతిని. జపాన్ హైస్పీడు రైలు వ్యవస్థ షింకన్‌సెన్‌లోని 700 శ్రేణి రైళ్ల మూతి బాతు ముక్కులా ముందుకు సాగి ఉంటుంది. వాటి నుంచే పుట్టిన ఈ 700టి రైలుకు మాత్రం అది పొట్టిది. రైలు వేగంగా సొరంగంలోకి దూరినప్పుడు ముందున్న గాలిని నెట్టుకుంటూ పోతుంది. సొరంగం ఇరుకైతే ఆ గాలి అవతలి మొన దగ్గర ఫిరంగి పేలినట్టు బయటపడుతుంది కనుక, సుమారు 64 చదరపు మీటర్ల అడ్డుకోత వైశాల్యం ఉన్న జపాన్ సొరంగాల కోసం మూతిని సాగదీయక తప్పలేదు. తైవాన్ సొరంగాల అడ్డుకోత 90 చదరపు మీటర్లు. జపాన్ రైలు నడిచే దారిలో సొరంగాలు జపాన్ కొలతలకు ఎందుకు లేవంటే, ఆ దారిని మొదట గీసింది వేరే రైలు కోసం.

ఆ వేరే రైలు యూరప్‌ది. 1997లో తైవాన్ హైస్పీడు రైల్ కార్పొరేషన్ ఈ మార్గం నిర్మాణ హక్కులను గెలుచుకున్నప్పుడు దాని వెనుక ఉన్నది, ఫ్రాన్స్‌కు చెందిన నేటి ఆల్‌స్టామ్, జర్మనీకి చెందిన సీమెన్స్ కలిసి నిలబెట్టిన యూరోట్రైన్ కూటమి. షింకన్‌సెన్‌ను నమ్ముకున్న ప్రత్యర్థి బృందం ఆ పోటీలో ఓడిపోయింది. 1998 మేలో యూరోట్రైన్ వాళ్లు రెండు జర్మన్ ఇంజన్ల మధ్య ఫ్రెంచి రెండంతస్తుల పెట్టెలను తగిలించి, పెళ్లిచూపులకు ముస్తాబు చేసినట్టు ఒక ప్రదర్శన రైలును తయారుచేసి, జర్మనీలో గంటకు 316 కిలోమీటర్ల వేగంతో నడిపి చూపించారు. నెల తిరగక ముందే, జూన్ 3న, ఎషెడే దగ్గర జర్మన్ హైస్పీడు రైలు పట్టాలు తప్పి 101 మంది చనిపోయారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 21న తైవాన్‌లో వచ్చిన భారీ భూకంపం రెండు వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. భూకంపాల నడుమ దశాబ్దాలుగా రైళ్లు నడుపుతున్న అనుభవం జపాన్‌ది. దానికి తోడు ధరలోనూ అప్పు షరతులలోనూ వాళ్లు దిగివచ్చారు. 1999 డిసెంబరులో రైళ్ల కాంట్రాక్టు జపాన్ వైపు తిరిగింది. యూరోట్రైన్ మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. చివరికి తైవాన్ కంపెనీ 2004లో 6.5 కోట్ల అమెరికన్ డాలర్లు చెల్లించి ఆ తగాదాను తెంచుకోవలసి వచ్చింది.

అప్పటికే సొరంగాలు, వంతెనల కొలతలన్నీ యూరప్ ప్రమాణాలతో ఖరారై ఉన్నందువల్ల జపాన్ ఇంజనీర్లు తమ రైలును ఈ దారికి సర్దవలసి వచ్చింది. షింకన్‌సెన్‌లో ఒక్కో లైను ఒక్కో దిశకే కేటాయించి ఉంటుంది. ఇక్కడ మాత్రం రెండు లైన్ల మీదా రెండు దిశలలోనూ రైలు నడిచేలా సిగ్నళ్లు ఉండాలన్న యూరప్ షరతు అలాగే నిలిచింది. రైలు ఒక లైను నుంచి మరో లైనుకు మారే చోట ఉన్న పాయింట్లు జర్మనీవి. 2007 జనవరిలో రైళ్లు మొదలైనప్పుడు స్థానిక డ్రైవర్లు ఇంకా శిక్షణలోనే ఉన్నందున ఫ్రాన్స్, జర్మనీల నుంచి వచ్చిన డ్రైవర్లు నడిపారు. కంట్రోలు గదితో మాటలు ఇంగ్లీషులో సాగాయి. ఇన్ని చేతులు పడిన వంట చెడిపోతుందనే నేనూ అనుకునేవాణ్ణి.

చెడిపోలేదు. తైపే నుంచి దక్షిణ కొసన కావోసియుంగ్ నగరంలో ఉన్న జువోయింగ్‌కు, మధ్యలో కొద్ది చోట్ల మాత్రమే ఆగే రైలులో, గంటన్నరకు కాస్త ఎక్కువ పట్టింది. గంటకు 300 కిలోమీటర్ల వేగం అందుకున్నాక కూడా పక్క సీటులోని పెద్దాయన తన దినపత్రికను ఎక్కడా తడబడకుండా చదువుకుంటూ వచ్చారు. సాధారణ తరగతిలో ఒక వైపు మూడు, మరో వైపు రెండు సీట్లు. మూడింటిలో నడిమి సీటు తప్ప మిగిలినవన్నీ హాయిగా ఉంటాయి. ప్రకటనలు మాండరిన్, తైవానీ, హక్కా, ఇంగ్లీషు భాషలలో వరుసగా వినిపిస్తాయి, స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉన్న చోట ఒకటి పూర్తయ్యేలోపే రెండోది మొదలైందా అనిపించేటంతగా. చాంగ్‌హువా దాటిన తర్వాత 157 కిలోమీటర్ల పొడవున రైలు నేలను తాకదు. అంతా ఒకే వంతెన, కింద వరి మళ్లు, చేపల చెరువులు. జువోయింగ్‌లో దిగాక కాసేపు నిలబడి చూశాను. శుభ్రం చేసేవాళ్లు ఎక్కి, సీటు కింద పెడల్‌ను కాలితో నొక్కి, ఒక్కో వరుసను తిరుగు ప్రయాణపు దిశకు గిరుక్కున తిప్పేస్తున్నారు. వెనక్కి ప్రయాణించడం గిట్టనివారికి ఇంతకంటే పెద్ద సదుపాయం లేదు.

భూకంపం వస్తే ఏమిటన్న భయం నాకూ ఉండేది. 2010 మార్చిలో దక్షిణాన వచ్చిన భూకంపంలో తైనాన్ సమీపంలో ఒక రైలు పాక్షికంగా పట్టాలు తప్పింది; ఎవరికీ ప్రాణహాని జరగలేదు. ప్రకంపన తెలియగానే రైళ్లను ఆపివేసే జపాన్ ఏర్పాటును కూడా చూసే యూరోట్రైన్‌ను వదులుకున్నారంటే, ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను.

తప్పుపట్టవలసింది తర్వాతి కథను. ఒకసారి జపాన్ రైలు కొన్న తర్వాత విడిభాగాలు, సిగ్నళ్లు, శిక్షణ అన్నీ దానికే ముడిపడిపోతాయి. కొత్త రైళ్ల కోసం పిలిచిన టెండరులో హిటాచీ, తోషిబాల కూటమి చెప్పిన ధర మరీ ఎక్కువని 2021లో దాన్ని రద్దు చేశారు. చివరకు 2023లో అదే కూటమికి పన్నెండు రైళ్లకు ఆర్డరు ఇచ్చారు. 1999లో గుమ్మంలో ఇద్దరు నిలబడి ఉండబట్టే బేరం సాగింది. ఒక్కరే ఉన్నప్పుడు అది బేరం కాదు, బతిమాలడం.

ప్రయాణికుడికి వచ్చే ఇబ్బంది స్టేషన్లతోనే. తైపే, బాంచియావోలు నగరం నడిబొడ్డున ఉన్నా, తైనాన్, చియాయీ లాంటి స్టేషన్లు ఊరికి దూరంగా పొలాల మధ్య ఉన్నాయి. రైలులో ఆదా చేసుకున్న సమయంలో కొంత అక్కడి నుంచి ఊరిలోకి చేరడానికి పోతుంది. జువోయింగ్ కూడా కావోసియుంగ్ ప్రధాన స్టేషన్ కాదు, అక్కడ దిగి మెట్రో పట్టుకోవాలి. అయినా తైపే, కావోసియుంగ్‌ల మధ్య విమానాలు 2012లో ఆగిపోయాయంటే జనం లెక్క ఏమిటో తెలుస్తూనే ఉంది. తైపే నుంచి జువోయింగ్‌కు సాధారణ తరగతి రిజర్వుడు టికెట్ 1,490 తైవాన్ డాలర్లు. ప్రయాణానికి 28 రోజుల ముందు అమ్మకం మొదలవుతుంది. ముందే కొన్నవారికి కొన్ని రైళ్లలో 35 శాతం దాకా తగ్గుతుంది. ఆ టికెట్లు త్వరగా అయిపోతాయి కనుక తేదీ ఖరారు కాగానే కొనుక్కోండి, రెండు సీట్ల వైపు కిటికీ అడగండి.