మొదటి పడవకి లాకులు లేని కాలువే మేలు: ఇంగ్లండ్ కాలువల్లో మా అనుభవం

ఇంగ్లండ్‌లో సొంత పడవ ఉందంటే మనవాళ్ళు పెద్ద యాచ్‌నే ఊహించుకుంటారు. మాది పన్నెండు అడుగుల ఫైబర్ పడవ. కప్పు లేదు, వెనకాల ఓ చిన్న ఎలక్ట్రిక్ మోటారు, లోపల రెండు తెడ్లు. కారు వెనక ట్రైలర్ మీద లాక్కెళ్ళొచ్చు. అలాంటి పడవ కొనుక్కుని ఎక్కడ దింపాలా అని చూసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

కాగితాల సంగతి ముందు. ఇంగ్లండ్, వేల్స్‌లలో చాలా కాలువలు కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చేతిలో ఉన్నాయి. 2012లో ఇది బ్రిటిష్ వాటర్‌వేస్ స్థానంలో వచ్చింది. దాని కింద సుమారు 2,000 మైళ్ళ జలమార్గాలున్నాయి. పడవకి వాళ్ళ లైసెన్సు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండాలి. ఏడాదికే కాకుండా కొద్ది రోజులకు కూడా లైసెన్సు ఇస్తారు. కొత్తవాళ్ళకి అదే నయం, నచ్చకపోతే డబ్బు వృథా కాదు. గదీ గ్యాసూ ఉన్న పెద్ద పడవలకైతే నాలుగేళ్ళకోసారి బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ కూడా కావాలి.

కాలువ ఎంచుకునేటప్పుడు అందరూ అందం చూస్తారు. నేనైతే ముందు స్లిప్‌వే చూస్తాను, అంటే పడవని నీళ్ళలోకి జార్చే వాలు. కొన్ని మెరీనాల్లో, అంటే పడవలు నిలిపే రేవుల్లో, అది నిటారుగా, పాచి పట్టి ఉంటుంది. ఒకచోట గేటు తాళం ఉన్న మనిషి సాయంత్రం అయిదింటికల్లా ఇంటికి వెళ్ళిపోతాడని పడవ దింపాక గానీ చెప్పలేదు. అందుకే ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: వాలు ఎంత, గేటు ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది, ఖాళీ ట్రైలర్ ఎక్కడ పెట్టాలి. మూడోదానికి సరైన జవాబు రాకపోతే ఆ చోటు వదిలెయ్యండి. సన్నటి పల్లెటూరి రోడ్ల మీద ట్రైలర్‌కి చోటు దొరకడం కష్టం.

దింపడానికి ఇద్దరు చాలు. అడుగున నీళ్ళు పోయే రంధ్రానికి బిరడా బిగించి, ముందు కొసకి పొడుగాటి తాడు కట్టి, ఆ తర్వాతే బెల్టులు విప్పాలి. మావారు వెనక్కి తోలితే నేను తాడు పట్టుకుని గట్టు మీద ఉంటాను. దూరం నుంచి వచ్చిన వెంటనే ట్రైలర్ చక్రాలు నీళ్ళలో ముంచకూడదు. వేడిగా ఉన్న బేరింగులు చల్లబడుతూ నీళ్ళు లోపలికి లాగేసుకుంటాయి. ముందు టీ తాగండి.

మేము మొదట దిగింది ఇంగ్లండ్ నడిమధ్యనున్న ఆష్‌బీ కాలువలో. ఇప్పటికీ నా ఓటు దానికే. 1804లో బొగ్గు, సున్నం మొయ్యడానికి పూర్తిచేసిన కాలువ ఇది. గనుల వల్ల నేల కుంగి ఉత్తరపు కొస మూసుకుపోగా, 22 మైళ్ళు మిగిలింది. అందులో ఒక్క లాకు కూడా లేదు. లాకంటే నీటిమట్టం పెంచి, తగ్గించి పడవని ఎక్కించే, దించే తలుపుల గది. గోదావరి జిల్లాల వాళ్ళకి లాకులు కొత్త కాకపోవచ్చు గానీ, ఇక్కడ తలుపులు తియ్యడం, నీళ్ళు వదలడం అంతా పడవవాళ్ళ పనే. చిన్న పడవ ఆ నీటి ఉరవడికి గోడలకేసి కొట్టుకుంటుంది. మోటారు పిడి కుడికి నెడితే పడవ ఎడమకి తిరుగుతుందని చేతికి అలవాటయ్యేదాకా ఆ గొడవ మనకెందుకు?

హింక్లీ వైపు నుంచి బయల్దేరితే స్టోక్ గోల్డింగ్, సటన్ చేనీ, మార్కెట్ బాస్‌వర్త్ వరసగా తగుల్తాయి. అంచుల్లో లోతు తక్కువ, నడిమధ్యనే పోవాలి. ఎదురుగా డెబ్బై అడుగుల న్యారోబోట్ (ఈ కాలువల కోసం కట్టిన సన్నటి పొడుగాటి పడవ) వస్తే మాత్రం కుడికి తప్పుకోవాలి. రోడ్డు మీద ఎడమ, నీళ్ళ మీద కుడి! అది పక్కనుంచి పోతుంటే మన పడవని తన వైపుకి లాగుతుంది, కంగారు పడక్కర్లేదు. వేగం గంటకి నాలుగు మైళ్ళు దాటకూడదు, మా మోటారుకి ఆ భయం ఎటూ లేదు. సటన్ చేనీ రేవులో కట్టేసి, 1485లో మూడో రిచర్డ్ రాజు చనిపోయిన యుద్ధభూమి దాకా నడిచి వెళ్ళొచ్చు. ఆయన ఎముకలు 2012లో లెస్టర్‌లో ఓ కారు పార్కింగ్ కింద దొరికాయి.

బసకి కాలువ ఒడ్డు పబ్బు గదులు చూడ్డానికి బాగుంటాయి గానీ శనివారం రాత్రి నిద్ర ఉండదు. మాకు నచ్చింది ఓ రైతు తన పొలంలో నడిపే టెంట్ల మైదానం. మోటారు బ్యాటరీ ఛార్జింగ్‌కి ప్లగ్గు ఇచ్చారు, ట్రైలర్ మా పక్కనే ఉంది. హోటల్ గదిలోకి బ్యాటరీ మోసుకెళ్తే రిసెప్షన్‌లో వాళ్ళు చూసే చూపు వేరు.

రెండో మెట్టు వాయవ్య ఇంగ్లండ్‌లోని లాంకస్టర్ కాలువ. ప్రెస్టన్ నుంచి ట్యూవిట్‌ఫీల్డ్ దాకా ప్రధాన కాలువలో 41 మైళ్ళు లాకు లేదు. వెడల్పు ఎక్కువ, పడవలు తక్కువ. లాంకస్టర్ దగ్గర 1797 నాటి లూన్ అక్విడక్ట్, అయిదు రాతి కమానుల మీద కాలువ నదిని దాటుతుంది. రెండు పక్కలా రాతి గోడ ఉంది కాబట్టి గుండె నిబ్బరంగానే ఉంటుంది. హెస్ట్ బ్యాంక్ దగ్గర సముద్రం కనపడుతుంది. అక్కడే గాలి కూడా. తేలిక పడవని గట్టుకి తోసేస్తుంది. పొద్దున్నే వెళ్ళండి.

వేల్స్‌లోని లాంగోలెన్ కాలువ అందరూ పొగిడేదే. 1805 నాటి పాంట్‌కసుల్తే అక్విడక్ట్, 38 మీటర్ల ఎత్తున ఇనప తొట్టిలో కాలువ, 2009 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. నడకదారి వైపు కటకటాలున్నాయి. రెండో వైపు తొట్టి అంచు తప్ప ఏమీ లేదు. పైగా వేసవిలో అద్దె పడవల రద్దీ, లాంగోలెన్ నుంచి కిందికి నీటి పారుదల. అక్కడికి కొత్తవాళ్ళు తమ పడవ తీసుకెళ్ళడం నాకు సమ్మతం కాదు. మాది ట్రైలర్ మీదే ఉంచి, ట్రెవర్ బేసిన్ రేవులో టికెట్టు కొనుక్కుని అక్కడి విహార పడవలో దాటాం. మావారు లోయ వైపు, నేను కటకటాల వైపు కూర్చున్నాం.