యమహా డీఎక్స్7: విజయనగరం ఆర్కెస్ట్రాలో ఏళ్ల తరబడి వాయించాక

డీఎక్స్7 అనేది యమహా వారి ఎలక్ట్రానిక్ కీబోర్డు. దీని మెట్టు మెల్లగా నొక్కితే ఒక నాదం, గట్టిగా నొక్కితే ఇంకో నాదం. శబ్దం పెరగడమే కాదు, దాని రంగే మారిపోతుంది. ఎలక్ట్రిక్ పియానో టోను మెత్తగా వాయిస్తే గుండ్రంగా వినిపిస్తుంది, వేలు బలంగా దిగితే గుడిగంట అంచున తగిలినట్టు ఖంగుమంటుంది. విజయనగరంలో పెళ్లిళ్లకీ, పైడితల్లి అమ్మవారి పండగ ప్రోగ్రాములకీ చాలా ఏళ్లుగా ఇదే వాయిస్తున్నాను. వందల టోన్లున్న కొత్త కీబోర్డులూ వాయించాను. వేలికి ఇంతగా బదులు పలికేది నాకు మరొకటి దొరకలేదు.

కిటుకంతా లోపలి పద్ధతిలో ఉంది. ఒక తరంగంతో ఇంకో తరంగం ఫ్రీక్వెన్సీని మహా వేగంగా ఊపితే కొత్త నాదాలు పుడతాయని 1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టారు. యమహా ఆ హక్కులు తీసుకుని 1983లో డీఎక్స్7 తెచ్చింది. ఒక్కో టోనుకి ఆరు ఆపరేటర్లు, అంటే తరంగాలు పుట్టించే భాగాలు, వాటిని కలిపే అమరికలు 32. గట్టిగా నొక్కినప్పుడు ఊపే తరంగానికి బలం పెరిగేలా టోను కట్టుకోవచ్చు, రంగు మారేది అందుకే. 1970 నాటి మినీమూగ్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు ఒకసారికి ఒక్క స్వరమే పలికేది, ఇది 16 పలుకుతుంది. ఎనభైల పాటల్లో తళుక్కుమనే ఆ పియానో చాలాచోట్ల దీనిదే. ఇప్పటి కీబోర్డుల్లోనూ దాని నకలు తరచూ కనిపిస్తుంది.

మా ఊళ్లో అసలు పరీక్ష మాత్రం గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పిన ఊరు. గమకం తప్పితే ముందు వరసలో పెద్దవాళ్ల ముఖాలు మారిపోతాయి. మెట్ల మధ్య జారడం కుదరదన్న ఆక్షేపణతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని పక్కన పెట్టింది, 1971 దాకా రానివ్వలేదు. డీఎక్స్7కి ఎడమ పక్కన స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ చక్రం ఉంది. రేంజి రెండు అరస్వరాలకి పెట్టుకుంటే తోడి రాగంలో గాంధారం ఊగుతుంది. ఇందుకు నెలల తరబడి సాధన కావాలి. పైగా చక్రం తిప్పితే నొక్కిన స్వరాలన్నీ కలిసే జారతాయి, కాబట్టి కుడిచేత్తో ఒక్క స్వరమే పట్టుకోవాలి. నిదానంగా సాగే ఆలాపనకి బాగుంటుంది. వేగంగా పరిగెత్తే చోట వయొలిన్‌కే వదిలేస్తాను.

ఊరేగింపులో నాగిని ట్యూను అడగని పెళ్లి లేదు. 1954లో వచ్చిన ఆ హిందీ సినిమాకి నాగసరం నాదాన్ని కల్యాణ్‌జీ క్లావియోలిన్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద వాయించారు. మన కుర్రాళ్లు రోడ్డు మీద పడగ విప్పి ఆడేది డెబ్భై ఏళ్లనాటి కీబోర్డు నాదానికి! డీఎక్స్7లో ఆ టోను నేనే కట్టుకున్నాను. మెట్టు నొక్కి ఉంచి ఇంకాస్త అదిమితే స్వరం వణుకుతుంది, జనం ఈల వేస్తారు.

ఇబ్బందులూ ఉన్నాయి. బరువు పద్నాలుగు కిలోల పైమాటే. స్పీకర్లు ఉండవు. టోను పేరు చూపే చిన్న తెరకి వెనక వెలుగు లేదు, రాత్రి పందిట్లో చిన్న టార్చి పెట్టుకోవాలి. కొత్త టోను కట్టడం ఓపిక పరీక్షే. లోపలి బ్యాటరీ అయిపోతే దాచుకున్న టోన్లు పోతాయి, అది బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది కాబట్టి చేయి తిరిగిన మెకానిక్ కావాలి. పాతది కొన్నవాళ్లు ముందు ఆ పని చేయించండి. వేరే పరికరాలకి కలిపే మిడి పోర్టు ఉండడం పెద్ద ఊరట. ల్యాప్‌టాప్‌కి కలిపి టోన్లన్నీ భద్రం చేసుకోవచ్చు.

ఒక్కరే పెట్టె పట్టుకెళ్లి ప్రోగ్రాం నడిపేవాళ్లు దీని జోలికి పోవద్దు. ఇందులో దానంతట అదే తాళం వాయించే రిథమ్ లేదు, పక్కన తబలా, ప్యాడ్ వాయించేవాళ్లు ఉండాల్సిందే.