ఏడురోడ్ల జంక్షన్ జిరాక్స్ షాపు: స్పీడ్‌కి వంక పెట్టలేం, గ్రాఫులు మాత్రం మీరే చూసుకోండి

ఎమ్మెస్సీ ఫిజిక్స్ సెమినార్ రిపోర్ట్ కోసం శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ పక్క సందులో ఉన్న ఒక జిరాక్స్, డీటీపీ షాపు చుట్టూ రెండు రోజులు తిరిగాను. షాపు పేరు రాయను, సగం తప్పు నాదే. అయిదుకి మూడున్నర స్టార్లు.

టైపింగ్ మాత్రం సూపర్ ఫాస్ట్. నా కోడి గీతల చేతిరాత 38 పేజీలు పొద్దున ఇస్తే సాయంత్రానికి అయిపోయింది. కానీ నా రిపోర్ట్ అంతా ఫార్మేట్ అనే అయాన్ చుట్టూ తిరుగుతుంది, వాళ్ల కంప్యూటర్లో స్పెల్ చెక్ దాన్ని వెతికి వెతికి ప్రతిచోటా ఫార్మాట్ అని దిద్దేసింది. అది అలాగే సబ్మిట్ చేసుంటే మా సార్ నన్నే ఫార్మాట్ చేసేవారు. ఓనర్ గారైతే "ఏటమ్మా, ఈ ఫోనాన్ అంటే ఫోన్ ఆన్ చెయ్యడమా?" అని అడిగారు. నవ్వొచ్చింది గానీ, అడిగినందుకు మెచ్చుకోవాలి, క్లాసులో మేమెవరం అడగలేదు.

ఆయనకి చెప్పిందే ఇక్కడా చెప్తాను, లేకపోతే నా గొడవ అర్థం కాదు. డైమిథైల్ అమ్మోనియం మాంగనీస్ ఫార్మేట్ అని ఒక మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్ ఉంది. పెళ్లి పందిరి అనుకోండి: రాటల చోట మాంగనీస్, రాటకీ రాటకీ మధ్య కట్టిన వాసాల్లా ఫార్మేట్లు, లోపల ఖాళీలో డైమిథైల్ అమ్మోనియం. మామూలు వేడిలో ఈ లోపలిది మూడు దిక్కులకీ తిరుగుతూ కుదురుగా ఉండదు, 185 కెల్విన్‌కి, అంటే మైనస్ 88 డిగ్రీలకి దిగేసరికి హైడ్రోజన్ బంధాలు పట్టేసుకుని ఒక దిక్కున నిలబడిపోతుంది, దాంతో పదార్థానికి విద్యుత్ ధ్రువత్వం, అంటే ఒక పక్క ప్లస్, ఇంకో పక్క మైనస్, వస్తుంది. అయస్కాంతం సంగతి ఇంకా చాలా కింద, 8.5 కెల్విన్ దగ్గర మొదలవుతుంది. పక్కపక్క మాంగనీస్ స్పిన్‌లు (ఒక్కో మాంగనీస్‌లో ఒక బుల్లి అయస్కాంతం ఉందనుకోండి) ఎదురెదురుగా సర్దుకుంటాయి. రెండు గుణాలూ ఒకేచోట ఉన్నాయి కాబట్టి మల్టీఫెర్రోయిక్ అంటారు, ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య ఎడం చూస్తే మాత్రం ఒకే ఇంట్లో మాటల్లేని తోడికోడళ్లలా అనిపిస్తాయి నాకు.

అసలు మజా ఏంటంటే, ఆ చలిలో అయస్కాంత క్షేత్రాన్ని 15.3 టెస్లా దాకా పెంచితే (ఆస్పత్రుల్లో ఎమ్మారై మిషన్లు మామూలుగా 1.5 లేదా 3 టెస్లా) స్పిన్‌లన్నీ ఒకే వైపు తిరిగిపోతాయి, అప్పుడు జాలకంలోని, అంటే ఆ పందిరి మొత్తంలోని, కంపనాల్లో (అవే ఫోనాన్లు) మార్పు కనిపించేది ఫార్మేట్ వంగే కంపనంలో ఒక్కదాంట్లోనే. ఒక మాంగనీస్ కబురు పక్క మాంగనీస్‌కి వెళ్లేది ఫార్మేట్ మీదుగానే కదా, స్పిన్‌లు దిక్కు మార్చుకున్నప్పుడు ఆ వాసం కోణం కూడా రవ్వంత సర్దుకోవాలి. లోపలి అమ్మోనియం ఆ దారిలో లేదు, దానికేం పట్టదు.

ఇదంతా చూపించడానికి ఒక గ్రాఫు గీసుకున్నాను. క్షేత్రం లేనప్పుడు నీలం గీత, ఉన్నప్పుడు ఎర్ర గీత, ఆ ఫార్మేట్ కంపనం తాలూకు ఒక్క శిఖరం దగ్గర తప్ప రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. కుర్రాడు దాన్ని నలుపు తెలుపులో తీసేశాడు. రెండు గీతలూ కలిసి ఒకే లావు గీత! కలర్ ప్రింట్ కావాలని ముందే చెప్పకపోవడం నా తప్పు, ఒక్క మాట అడగకపోవడం వాడి తప్పు.

మర్నాడు ఓనర్ గారు కాపీలు మళ్లీ తీసిచ్చారు, కాగితం డబ్బులే తీసుకున్నారు. పైగా "ఒక గీత చుక్కలుగా పెట్టుకో అమ్మా, నలుపులో తీసినా తెలిసిపోద్ది" అన్నారు. రెండు నెలలు ఆ గ్రాఫుతో కుస్తీ పట్టిన నాకు తట్టలేదు! ఆ అర స్టారు అందుకే.

స్పైరల్ బైండింగ్ గట్టిగానే ఉంది, కాకపోతే ఒక కాపీలో 17వ పేజీ తలకిందులు. మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్లండి, పొద్దున్న పూట అప్లికేషన్లవాళ్లతో నిలబడే చోటుండదు.