కృష్ణపట్నం గాలిలో ఓడల పొగ: దేనితో కొలిస్తే మేలు?

నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం రేవు ఉన్న ముత్తుకూరు మండలంలోని మా బంధువుల డాబా మీద రాత్రంతా ఆరిన తెల్ల పంచె తెల్లవారేసరికి బూడిద రంగుకు తిరిగింది. వేలితో రుద్ది చూస్తే కొంత ఇసుకలా గరుకుగా తగిలింది, కొంత కాటుకలా అంటుకుంది. గరుకుగా తగిలింది నిల్వల మీదినుంచి గాలికి లేచిన బొగ్గు పొడి కావచ్చు, కాటుకలా అంటుకున్నది ఇంజిన్లలో సరిగా మండని నూనె మసి కావచ్చు. ఆ మసి ఓడదా, లారీదా అన్నది మాత్రం కంటితో తేలే సంగతి కాదు. పక్కనే నేలటూరు థర్మల్ విద్యుత్ కేంద్రం, దానికి తోడు మరికొన్ని బొగ్గు కేంద్రాలు ఉన్న తీరం ఇది. అందువల్ల ఇక్కడ గాలిలో కాలుష్యం ఎంత ఉందన్న ప్రశ్నతో పాటు అది ఎవరిదన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పగల కొలత కావాలి. ఓడల పొగను కొలిచే పద్ధతులను నేను ఈ దృష్టితోనే పోల్చి చూస్తున్నాను.

మనకు బాగా తెలిసినది ఒడ్డున ఒకచోట స్థిరంగా నిలిపే గాలి నాణ్యత కేంద్రం. మన దేశ ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ 80 మైక్రోగ్రాములు, పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ఊరివాళ్లు పీల్చే గాలి ఈ హద్దులో ఉందో లేదో చెప్పడానికి ఇంతకన్నా నమ్మదగిన సాధనం లేదు. అయితే ఒక ఓడ పొగ ఆ కేంద్రాన్ని తాకేది ఒకటి రెండు నిమిషాలే కాబట్టి, గంట సగటు తీసేసరికి ఆ జాడ అందులో కలిసిపోతుంది. పైగా నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి ఓడల పొగను సముద్రం మీదికే తోసేస్తుంది గనుక, ఆ నెలల్లో ఒడ్డున అంకెలు తక్కువగా వచ్చినంత మాత్రాన ఓడలు శుభ్రంగా ఉన్నాయని అనుకోవడానికి వీల్లేదు. ఈశాన్య రుతుపవనాల కాలంలోనూ, వేసవి మధ్యాహ్నాల్లో సముద్రపు గాలి తిరిగినప్పుడూ అదే పొగ ఊళ్ల మీదికి వస్తుంది.

చౌకగా దొరికే చిన్న ధూళి సెన్సార్లను తీరంలో ఒంటరిగా నమ్మకూడదు. అవి కణాల మీద కాంతి పడి చెదిరే తీరును బట్టి లెక్క కడతాయి. తెల్లవారుజామున తేమ ఎక్కువైనప్పుడు ఉప్పు కణాలు నీరు పట్టి ఉబ్బుతాయి, అప్పుడు రేవులో ఒక్క ఓడ లేకపోయినా అంకె పెరుగుతుంది.

ఉపగ్రహం సంగతి వేరు. 2017 అక్టోబరులో ఐరోపా ప్రయోగించిన సెంటినెల్-5పీ మీద ఉన్న ట్రోపోమి పరికరం ఇంజిన్ల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్‌ను ప్రపంచమంతటా దాదాపు రోజూ కొలుస్తుంది. శ్రీలంకకు దక్షిణంగా మలక్కా జలసంధి వైపు సాగే ఓడల దారి ఉపగ్రహ పటాల్లో గీత గీసినట్టు కనిపిస్తుంది. నడి సముద్రానికి ఇది గొప్ప సాధనమే గానీ, అందులో ఒక్కో గడి సుమారు 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి కృష్ణపట్నం దగ్గర ఓడల పొగ, విద్యుత్ కేంద్రాల పొగ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అది మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో. గాలి ఊళ్ల వైపు వీచే అక్టోబరు, నవంబరు నెలల్లోనేమో మబ్బులు అడ్డం.

పరికరమేదీ పెట్టకుండా లెక్కతోనే తేల్చే పద్ధతి కూడా ఉంది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నులు, ఆపైన స్థూల టన్నేజీ గల ఓడలన్నీ తమ స్థానాన్ని, వేగాన్ని ఏఐఎస్ యంత్రం ద్వారా ప్రసారం చేస్తూ ఉండాలి. ఆ వేగానికి ఓడ ఇంజిన్ వివరాలు జోడించి ఎంత నూనె మండిందో, ఎంత పొగ వచ్చిందో కట్టవచ్చు. ఫిన్లాండ్ వాతావరణ సంస్థ ఈ పద్ధతిని బాగా అభివృద్ధి చేసింది. లంగరు వేసి బయట ఎదురుచూసే ఓడలు కూడా లెక్కలోకి రావడం దీని బలం, ఖర్చు కూడా తక్కువ. కానీ ఓడ నియమం ప్రకారమే నూనె వాడుతోందని ముందే అనుకుని ఈ లెక్క మొదలవుతుంది, మనం తేల్చుకోవలసింది సరిగ్గా ఆ మాటే. పైగా మన మత్స్యకారుల మరపడవల్లో చాలావాటి పొగ ఇందులోకి రాదు.

ఆ అనుమానాన్ని తీర్చేది స్నిఫర్, అంటే ఎదురుగా వచ్చే పొగను పీల్చి అక్కడికక్కడే పరీక్షించే యంత్రం. అంతర్జాతీయ సముద్ర సంస్థ 2020 జనవరి 1 నుంచి ఓడల నూనెలో గంధకం పరిమితిని 3.50 శాతం నుంచి 0.50 శాతానికి తగ్గించింది. బాల్టిక్, ఉత్తర సముద్రాల్లో అది 0.10 శాతమే. నూనెలోని గంధకం దాదాపు అంతా సల్ఫర్ డయాక్సైడ్‌గానూ, కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గానూ బయటికి వస్తాయి కాబట్టి, పొగ గాలిలో ఎంత పలచబడినా ఆ రెండింటి నిష్పత్తి మారదు. కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో ఒక పాలు పెరిగినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ వంద కోట్ల పాళ్లలో సుమారు రెండు పాళ్లు పెరిగితే ఆ నూనెలో గంధకం 0.50 శాతం దగ్గర ఉన్నట్టు. పది పాళ్లు పెరిగితే నియమం దాటినట్టే. డెన్మార్క్‌లో గ్రేట్ బెల్ట్ వంతెన మీద, జర్మనీలో హాంబర్గ్ దగ్గర ఎల్బే నది ఒడ్డున ఇలాంటి యంత్రాలు పెట్టి దాటిపోయే ఓడలను పరీక్షించారు.

కృష్ణపట్నానికి వంతెన లేకపోయినా, లోపలికి వచ్చే ప్రతి ఓడా అలల అడ్డుకట్టల మధ్య ఒకే దారిన రావాలి. బొగ్గులోనూ గంధకం ఉంటుంది గనుక నిష్పత్తి ఒక్కటే చూస్తే విద్యుత్ కేంద్రాల పొగతో పొరబడే ప్రమాదం లేకపోలేదు. అయితే ఎత్తయిన పొగగొట్టాల నుంచి వచ్చే పొగ బాగా పరచుకుని నెమ్మదిగా హెచ్చుతగ్గులవుతుంది, ఓడ దాటినప్పుడు గీత ఒక్కసారిగా పైకి లేచి నిమిషాల్లో పడిపోతుంది. ఆ నిమిషాన గాలి ఏ దిక్కుదో, ఏఐఎస్‌లో ఏ ఓడ ఉందో సరిచూస్తే పేరుతో సహా తెలుస్తుంది. దానితోనే నేరం రుజువైనట్టు కాదు. ఏ ఓడ ఎక్కి నూనె నమూనా తీయాలో, ఏ ఓడ మూడేళ్లు భద్రపరచవలసిన నూనె రసీదును అడగాలో అధికారులకు తెలుస్తుంది.

స్క్రబ్బర్, అంటే పొగను కడిగి గంధకం తీసేసే పరికరం, అమర్చిన ఓడ మాత్రం స్నిఫర్‌కు శుభ్రంగానే కనిపిస్తుంది. కొన్ని రకాల స్క్రబ్బర్లు పొగను సముద్రపు నీటితో కడిగి, ఆ నీటిని తిరిగి సముద్రంలోకే వదులుతాయి. వేట మీద బతికే ఊళ్లున్న తీరంలో ఆ నీటిని కూడా పరీక్షించకుండా గాలి బాగుందని సంతోషించడం నాకు సమ్మతం కాదు. ఇక జెట్టీకి కట్టేసి సహాయక ఇంజిన్లు రాత్రింబగళ్లు నడుపుకునే ఓడలకు డ్రోను బాగా పనికొస్తుంది, నేరుగా పొగలోకే వెళ్లి కొలవగలదు. అనుమతులు, నడిపే మనిషి, కొద్ది సేపటికే అయిపోయే బ్యాటరీ దాని ఇబ్బందులు.

ఒక్కదానికే డబ్బుంటే అడ్డుకట్ట కొన మీద స్నిఫర్, దాని పక్కన గాలి దిక్కు చూపే పరికరం, ఏఐఎస్ రిసీవర్ పెట్టాలన్నది నా అభిప్రాయం. రెండోదానికి వీలైతే ముత్తుకూరు వైపు ఊళ్లో గాలి నాణ్యత కేంద్రం కావాలి, ఎందుకంటే ఊపిరి సంగతి నిష్పత్తులతో తేలదు. ఏఐఎస్ లెక్క ఎలాగూ తక్కువ ఖర్చుతో వెంట నడుస్తుంది.

రామాయపట్నంలో వరుస మారాలి. అక్కడ రేవు కొత్తగా కడుతున్నారు గనుక స్నిఫర్ కన్నా ముందు గాలి నాణ్యత కేంద్రం కావాలి. ఓడల రాకపోకలు పెరగకముందే, పడమటి గాలీ ఈశాన్యపు గాలీ రెండూ వచ్చిపోయేలా పూర్తిగా ఒక ఏడాది కొలిచి పెట్టుకోవాలి. ఆ అంకెలు చేతిలో లేకపోతే రేపు గుడ్లూరు మండలంలో ఎవరైనా మా గాలి పాడైందని చెప్పుకున్నప్పుడు, దేనితో పోల్చి చెబుతున్నారని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.