నిరాశ్రయుల వసతికి ఏ నిబంధన సడలించడం మేలు: కట్టడానిదా, స్థలానిదా?

తల దాచుకునే చోటు లేనివారికి వెంటనే పడక చూపించాలనుకునే నగరానికి రెండు రకాల నిబంధనలు అడ్డొస్తాయి. ద్వారాలు, మెట్లు, మరుగుదొడ్లు, మంటలార్పే ఏర్పాట్ల వంటివి భవనం ఎలా ఉండాలో చెబుతాయి. భూవినియోగ జోన్లు, ప్రత్యేక అనుమతులు, బహిరంగ విచారణలు ఆ భవనం ఎక్కడ ఉండాలో, దానికి ఎవరెవరు ఒప్పుకోవాలో నిర్ణయిస్తాయి. సడలింపు మాట రాగానే ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే చర్చ దారి తప్పుతోంది.

అమెరికాలోని కాలిఫోర్నియా రెండు దారులనూ పట్టింది. అక్కడ 2017లో వచ్చిన ఏబీ 932 చట్టం లాస్ ఏంజెలిస్, ఓక్లాండ్, శాన్ డియాగో వంటి కొన్ని నగరాలకు, వసతి సంక్షోభం ప్రకటించిన మీదట, అత్యవసర కేంద్రాలకు సొంత భవన ప్రమాణాలు పెట్టుకునే వీలు కల్పించింది. ఈ దారిలో వేగం ఉంది. ఖాళీగా పడి ఉన్న పాత గోదాముకు కొత్త భవనపు ప్రమాణాలన్నీ వర్తింపజేస్తే, మరమ్మతులు ముగిసేలోగా చలికాలం కాస్తా గడిచిపోతుంది.

అయితే ఏ ప్రమాణాన్ని వదులుకుంటున్నామన్నదే అసలు ప్రశ్న. ఆ చట్టానికి ముందు ఏడాది, 2016 డిసెంబరు 2న, అదే ఓక్లాండ్‌లో నివాసానికి అనుమతి లేని ఒక గోదాములో మంటలు చెలరేగి 36 మంది చనిపోయారు. అది నిరాశ్రయుల కేంద్రం కాదు, కానీ మనుషులు నివసిస్తున్న గోదామే. వసతి కేంద్రంలో ముప్పు ఇంకా ఎక్కువ. వరుసగా వేసిన మడత మంచాల మధ్య నడవాల్లో సంచులు పేరుకుంటాయి, చక్రాల కుర్చీలో ఉన్నవారు ఉంటారు, దొంగతనాల భయంతో పక్క తలుపుకు గొలుసు పడుతుంది. గాఢనిద్రలో ఉన్నవారిని పొగ వాసన లేపుతుందన్న భరోసా లేదు, అలారమే లేపాలి.

రెండో దారి 2007 నాటి ఎస్‌బీ 2 చట్టానిది. ప్రత్యేక అనుమతి అక్కర్లేకుండా అత్యవసర కేంద్రం పెట్టుకోగల జోన్ ఒక్కటైనా ప్రతి నగరమూ చూపించాలని అది ఆదేశించింది. నా దృష్టిలో అసలు ముడి విడిపోయేది ఇక్కడే. విచారణలో లేచి అభ్యంతరం చెప్పే ఇరుగుపొరుగు వారిలో మెట్ల వెడల్పు గురించి అడిగేవారు అరుదు. ఆ మనుషులు తమ వీధిలో ఉండకూడదన్నదే వారి బాధ. ఈ దారికీ లోపం లేకపోలేదు. బస్సుకు, ఆసుపత్రికి దూరంగా, ఊరి చివర పరిశ్రమల స్థలాన్ని చూపించి నగరం చేతులు దులుపుకోవచ్చు. సాధారణంగా నివాసాలకు వీలున్న జోన్లనే చూపాలని 2022లో చట్టాన్ని బిగించాల్సి వచ్చింది.

ఒరెగాన్ రాష్ట్రం 2021లో తెచ్చిన హెచ్‌బీ 2006 చట్టం నాకు వీటన్నిటికంటే సబబుగా కనిపిస్తుంది. నిర్దేశించిన షరతులు నెరవేరితే, జోన్ ఏదైనా స్థానిక ప్రభుత్వం అనుమతి ఇవ్వాల్సిందేనంది. ఆ షరతుల్లో భవన నిబంధనల పాటింపు, వైద్యసేవలకు చేరుకునే రవాణా సదుపాయం రెండూ ఉన్నాయి.

కాబట్టి ముందుగా సడలించాల్సింది స్థలం నిబంధనలనే. కట్టడం విషయంలో పార్కింగ్, గది కొలతలు, శాశ్వత పునాది వంటివాటిని గడువు పెట్టి వదిలేయవచ్చు. రెండో బయటి ద్వారం, పొగ అలారం, మరుగుదొడ్లు, చక్రాల కుర్చీ వెళ్లే దారి మాత్రం వదలకూడదు. ద్వారం ఒక్కటే ఉన్న గదిని వాడక తప్పకపోతే పడకల సంఖ్య తగ్గించి, తెల్లవార్లూ మెలకువగా ఉండే కాపలా మనిషిని పెట్టాలి.