జింగ్‌దెజెన్: పింగాణీ ఊళ్లో ఎక్కడ దిగాలి, ఏం చూడాలి, ఏం తినాలి

జింగ్‌దెజెన్‌లో వీధి దీపాల స్తంభాలకు కూడా పింగాణీ తొడుగులే. తెలుపు మీద నీలి పూలు, లతలు. అది చూసి టూరిస్టుల కోసం చేసిన హంగు అనుకుని పెదవి విరిచేవాళ్లుంటారు. చైనాలో ఒక చేతిపనిని చూడటానికే ఏదైనా ఊరికి వెళ్లాలంటే మాత్రం నేను చెప్పేది ఈ పేరే. కాకపోతే టికెట్టు పెట్టి చూపించే చోట్ల కన్నా పని జరుగుతున్న సందుల్లోనే ఈ ఊరు బాగుంటుంది.

జియాంగ్షి రాష్ట్రంలో చాంగ్ నది ఒడ్డున ఉంది ఇది. మేం, అంటే నేనూ మా ఆయనా, డెబ్భై దాటిన మా అత్తయ్యా, కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌ వెళ్లాం. 2025 అక్టోబరు నుంచి ఆ నేరు విమానం మళ్లీ నడుస్తోంది. అక్కణ్నుంచి హైస్పీడ్ రైల్లో నాన్‌చాంగ్, ఒక రాత్రి ఆగి జింగ్‌దెజెన్. ఈ చివరి లైను 2023 డిసెంబరులో వేసిందే, గంట ప్రయాణం. రైలు టికెట్లు చైనా రైల్వే వాళ్ల 12306 యాప్‌లో పాస్‌పోర్టు నంబరుతో తీసుకోవచ్చు. ఆ పాస్‌పోర్టే టికెట్టు, కాగితం ఏమీ ఉండదు. ఆటోమేటిక్ గేటు మన పాస్‌పోర్టును చదవకపోతే పక్కన మనిషి ఉన్న వరసలోకి వెళ్లాలి. ఇంతకన్నా ఇబ్బంది లేదు.

బసకు మూడు దిక్కులున్నాయి. తావ్‌షీచువాన్, అంటే రాత్రి సంత జరిగే పాత పింగాణీ కర్మాగారం చుట్టూ కొత్త హోటళ్లు: శుభ్రం, లిఫ్టు, మంచి పరుపు. అయితే వారాంతాల్లో అర్ధరాత్రి దాకా సందడే, అద్దె కూడా పెరుగుతుంది. రెండోది సాన్‌బావ్ లోయ, ఊరికి కాస్త ఎడంగా. కొండలు, వాగు, మట్టి రంగు గోడల హోమ్‌స్టేలు. ఫోటోల్లో స్వర్గమే, రాత్రి తిండికో మందుకో బయటికి రావాలంటేనే టాక్సీ కోసం పడిగాపులు. పైగా మేం ముందే బుక్ చేసుకున్న ఒక హోమ్‌స్టేలో మా పాస్‌పోర్టులు చూసి, విదేశీయుల్ని పెట్టుకోవడం తమకు చేతకాదని చెప్పి పంపేశారు. విదేశీయులు ఎక్కడ దిగినా 24 గంటల్లో పోలీసులకు నమోదు కావాలి. చిన్న బసల వాళ్లలో కొందరికి ఆ పద్ధతి తెలియదు, తలనొప్పి ఎందుకని వద్దంటారు. విదేశీయులన్న కారణంతో కాదనకూడదని ప్రభుత్వం 2024లోనే చెప్పింది. రాత్రి తొమ్మిదికి ఆ మాట పట్టుకుని ఎవరితో వాదిస్తాం? భారత పాస్‌పోర్టుతో వస్తున్నామని బుక్ చేసేటప్పుడే రాసి, జవాబు తెప్పించుకోండి.

మూడోది పాత స్కల్ప్చర్ ఫ్యాక్టరీ పరిసరాలు. నా ఓటు దీనికే. ప్రభుత్వ కర్మాగారం నడిచిన రోజుల నాటి ఇళ్లు, వేపచెట్లంత ఎత్తు చెట్లు, కింద వర్క్‌షాపులు, పైన అద్దె గదులు. మాకు దొరికిన గది చిన్నది, గీజరు సతాయించింది. అయినా పొద్దున్నే కిటికీ తెరిస్తే, భుజం మీద పొడవాటి చెక్క పెట్టుకుని, దాని మీద పచ్చి పాత్రలు వరసగా పేర్చి, చెయ్యి పట్టకుండా నడిచిపోయే మనిషి కనిపించాడు. వెనక స్కూటర్లు హారన్ కొడుతూనే ఉన్నాయి, ఆయన అడుగు తడబడలేదు. అత్తయ్య టీ పక్కన పెట్టేసి, "పద అమ్మాయ్, ఆయన ఎక్కడికి పోతున్నాడో చూద్దాం" అంది. ఆ రోజంతా అదే పని అయింది మాకు.

ఆయన వెళ్లింది అద్దె బట్టీకి. ఊళ్లో చాలామందికి సొంత బట్టీ ఉండదు. ఎవరి సరుకు వాళ్లు తెచ్చి, ఆక్రమించిన జాగాకు తగ్గ డబ్బు కట్టి కాల్పించుకుంటారు. ఇప్పుడు చాలావరకు గ్యాస్ బట్టీలే, వేడి 1300 డిగ్రీల దాకా పోతుంది. ఒకే మనిషి మట్టి పిసికి, సారె తిప్పి, బొమ్మ వేసి, కాల్చడం ఇక్కడి సంప్రదాయం కాదు. ఒక పాత్ర తయారవ్వాలంటే 72 చేతులు మారాలని పాత లెక్క. ఆ విభజన ఇంకా కనిపిస్తుంది. సారె మీద లేపేవాడు కావాలనే మందంగా లేపుతాడు. ఆరాక దాన్ని మళ్లీ సారె మీద బోర్లించి, ఇనప పనిముట్లతో లోపలా బయటా చెక్కి పలచన చేసేవాడు వేరే. చెక్కుతూ మధ్యమధ్యలో వేలితో తట్టి చప్పుడు వింటాడు, ఎంత పలచబడిందో దాన్నిబట్టే తెలుస్తుంది. గీతలు గీసేవాళ్లు వేరు, ఆ గీతల మధ్య నీలిరంగు నింపేవాళ్లు వేరు. ఈ నింపే పని దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. లావుపాటి మెత్తని కుంచెలో నీళ్లలాంటి కోబాల్టు రంగు నింపి, కుంచె మొన పాత్రను తాకీ తాకనట్టు పెట్టి, ఆ నీటిబొట్టును ఆకు ఆకారంలో నడిపిస్తారు. మట్టి వెంటనే పీల్చేస్తుంది, దిద్దుకోవడం ఉండదు. అప్పుడు అది బూడిదరంగులో మురికిగా ఉంటుంది, బట్టీలోంచి వచ్చాకే నీలం.

ఇంత పలచగా నిలిచేది మట్టి వల్లే. కేవలం బంకమట్టి కాదు: తెల్ల మట్టి ఒకటి, నూరిన రాయి ఒకటి, రెండూ కలపాలి. ఆ తెల్ల మట్టిని ప్రపంచమంతా కెయోలిన్ అంటుందే, ఆ పేరు ఈ ఊరికి ఈశాన్యాన ఉన్న గావ్‌లింగ్ అనే కొండపల్లెది. రాయిని నూరడానికి వాగు నీటితో లేచి పడే చెక్క రోకళ్లు ఉండేవి. యావ్‌లీ అనే పాత ఊరి వైపు వెళ్తే చూడొచ్చు. ఒక పూట తీరిక, కారు మాట్లాడుకునే ఓపిక ఉంటే వెళ్లండి, లేకపోతే వదిలేయండి.

ఇప్పుడు టికెట్ల సంగతి. పురాతన బట్టీల ప్రదర్శనశాల అని ఊరి పడమటి వైపున పెద్ద తోట ఉంది. టికెట్టు వంద యువాన్ల దరిదాపు, యువాన్ అంటే మన పన్నెండు రూపాయల పైచిలుకు. సోంగ్, మింగ్, చింగ్ రాజవంశాల కాలాల బట్టీలను మళ్లీ కట్టి పెట్టారు. పైన్ కట్టెలతో కాల్చే పెద్ద బట్టీ నిజంగా గొప్ప కట్టడం, ఒక చిన్న గుడి మండపమంత. వృద్ధ పనివాళ్లు సారె తిప్పి చూపిస్తారు. కానీ చుట్టూ మైకులు పట్టుకున్న గైడ్లు, ఫోటోల తోపులాట. పిల్లలతో వెళ్తే బాగుంటుంది. సందుల్లో పని చూసినవాళ్లకు మాత్రం నాటకం చూసినట్టుంటుంది.

ఇంపీరియల్ కిల్న్ మ్యూజియం మాత్రం తప్పించకండి. ఆర్కిటెక్ట్ జూ పెయ్ కట్టిన పొడవాటి ఇటుక కమానులు, పక్కపక్కనే వెల్లకిలా పడుకున్న బట్టీల్లా ఉంటాయి. కొత్త ఇటుకల్లో పాత బట్టీల ఇటుకలు కలిపి కట్టారు. ఇది ఇక్కడి అలవాటే: బట్టీలను కొన్నేళ్లకోసారి విప్పి కట్టాల్సి వస్తుంది కనుక, తీసేసిన ఇటుకలతో జనం ఇళ్ల గోడలు లేపుకునేవారు. పక్కనే తావ్‌యాంగ్‌లీ సందుల్లో ఆ గోడలు ఇంకా ఉన్నాయి, కొన్ని ఇటుకల మీద కరిగిన గ్లేజు, అంటే పింగాణీ మీది గాజులాంటి పూత, మెరుస్తూ. మ్యూజియంలో నన్ను పట్టేసింది అతికిన పాత్రలు. రాజుగారి కోసం కాల్చినవాటిలో చిన్న లోపం ఉన్నా పగలగొట్టి అక్కడే పూడ్చేసేవారు, బయట ఎవరూ వాడకూడదు మరి. ఆ పెంకుల్ని తవ్వి తీసి, ముక్కముక్కా అతికి గాజుపెట్టెల్లో పెట్టారు. లోపం ఎక్కడుందో ఎంత వెతికినా చాలావాటిలో నాకు కనపడలేదు. మింగ్ వంశపు చెంగ్‌హువా చక్రవర్తి కాలం, అంటే 1465–1487 నాటి కోడిపుంజు బొమ్మల గిన్నె, మన అరచేతిలో పట్టేది, 2014లో హాంగ్‌కాంగ్ వేలంలో 28 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లు పలికింది. కొన్న పెద్దమనిషి అందులో టీ పోసుకుని తాగాడు కూడా! సరిగ్గా అలాంటి గిన్నెల పెంకులు ఈ నేలలోంచి వచ్చాయి.

చైనా సెరామిక్స్ మ్యూజియంలో జనమంతా ఒకే బొమ్మ ముందు క్యూ కడతారు. విసుగు మొహం పెట్టిన ఒక అర్హతుడి, అంటే బౌద్ధ సిద్ధుడి ప్రతిమ అది, ఇంటర్నెట్‌లో మీమ్ అయిపోయింది. క్యూలో మేం నిలబడలేదు, పక్క గదులన్నీ ఖాళీగా దొరికాయి. హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ చూసినవాళ్లకు ఇక్కడ ఆ నీలాలు, ఆకుపచ్చలు పాత పరిచయాల్లా తగులుతాయి.

తిండి దగ్గరికొద్దాం. జియాంగ్షి వంట కారం. మొహమాటపు కారం కాదు, పచ్చిమిర్చి వేయించి పోసే కారం. మన గుంటూరు తేజ మిర్చి చైనాకు బాగా ఎగుమతి అవుతుంది కాబట్టి అందులో మనవీ ఉంటాయేమో. మా ఆయనకు నాన్‌చాంగ్‌లోనే పండగ అయింది: మనిషంత ఎత్తు మట్టి జాడీ లోపల చిన్న చిన్న మూకుళ్లు పేర్చి, అడుగున బొగ్గు సెగతో గంటల తరబడి ఉడికించే మాంసం పులుసు, పక్కన బియ్యపు సేమియా. జింగ్‌దెజెన్‌లో క్షారపు నీళ్లతో చేసే బియ్యపు రొట్టెను ముక్కలు కోసి, ఎండబెట్టిన పందిమాంసంతో వేయిస్తారు. అదీ ఆయన ఖాతాలోదే.

శాకాహారి అయిన అత్తయ్యకు ఏం పెట్టాలన్నదే నా బెంగ. దాన్ని జ్యావ్‌జ బా తీర్చింది. బియ్యప్పిండి రేకులో ఉల్లికాడలో ముల్లంగి తురుమో టోఫూయో పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, ఒక్కోటి ఒకటి రెండు యువాన్లు. అత్తయ్య మొదటిది కొరికి "మన కుడుములో కూర పెట్టారు, అంతేగా" అని, కారం ముద్ద అడిగి తెప్పించుకుంది. మాంసం కూరినవి కూడా అదే ఆకారంలో ఉంటాయి, అడగకుండా తినొద్దు. పొద్దున లెంగ్ ఫెన్: లావుపాటి చల్లని బియ్యపు నూడుల్స్, సోయా, వెల్లుల్లి, ఊరగాయ ముల్లంగి, కారం. ఇదీ సులువే. మాంసం, చేప, పందికొవ్వు వద్దని చైనీస్‌లో రాసి ఫోన్లో చూపించండి. పందికొవ్వు మాట ప్రత్యేకంగా రాయకపోతే ఆకుకూర కూడా దానితోనే వస్తుంది. బౌద్ధ శాకాహార భోజనశాలలు ఉంటాయి, రుచి చప్పగా. తాగడానికి ఎక్కడ అడిగినా వేడినీళ్లే ఇస్తారు. అత్తయ్యకు ఆ దేశం నచ్చడానికి సగం కారణం అదే.

డబ్బు: అలీపే అనే చెల్లింపుల యాప్‌లో మన వీసా, మాస్టర్‌కార్డు బ్యాంకు కార్డులు కలుపుకోవచ్చు. 200 యువాన్లు దాటిన చెల్లింపుకు 3 శాతం రుసుము పడుతుంది, కాబట్టి పెద్ద కొనుగోలు ఉంటే రెండు మూడు ముక్కలుగా కట్టమని దుకాణదారే సలహా ఇచ్చింది. టాక్సీ కూడా ఆ యాప్‌లోంచే. గూగుల్, వాట్సాప్ అక్కడి వైఫైలో పనిచేయవు. మన రోమింగ్ సిమ్ వేసుకుంటే పనిచేస్తాయి.

కొనడానికి శనివారం పొద్దున స్కల్ప్చర్ ఫ్యాక్టరీ సంత మేలు. కాలేజీ పిల్లలు, పెద్ద నగరాల ఉద్యోగాలు వదిలి ఇక్కడికి వచ్చి పడ్డ కుర్రకారు తాము చేసినవే పరుచుకుని కూర్చుంటారు. ఎలా చేశారో అడిగితే ఫోన్ అనువాదంలో ఓపిగ్గా చెబుతారు. మాకు మంచి కప్పులు 30, 40 యువాన్లకు దొరికాయి. తావ్‌షీచువాన్ రాత్రి సంత ఇంతకు మూడింతల వెలుగు, మూడింతల జనం. ఒకప్పటి యూనివర్స్ పింగాణీ కర్మాగారం అది, పాత చిమ్నీలు, సొరంగపు బట్టీలు అలాగే ఉంచారు, చూడాలి. సరుకులో మాత్రం ఒకేలాంటివి ఎక్కువ. సోమవారం తెల్లవారకముందే టార్చి వెలుగులో జరిగే పాత సామాన్ల సంతకు సరదాకి వెళ్లండి, అక్కడ మింగ్ కాలం నాటిదని చెప్పేది పోయిన నెల కాల్చింది కావచ్చు. పెంకు ముక్కలు ముచ్చటగా ఉన్నా, పాతవైతే దేశం దాటించడం నేరం, కొనొద్దు. కొన్నవాటిని దుకాణాల్లోనే ఫోమ్ పెట్టెలో చక్కగా కడతారు. దేశంలో కొరియర్ చవక, మన దేశానికి పంపడం మాత్రం కప్పు ఖరీదుకు మించుతుంది. చేతి సంచిలో పట్టేంతే కొనండి.

వెళ్లేది అక్టోబరులో అయితే మొదటి వారం జాతీయ సెలవులు, ఆ తర్వాత అదే నెలలో పింగాణీ ప్రదర్శన. గదులు దొరకవు, దొరికినా అద్దె రెట్టింపు. నవంబరు హాయి. శుక్రవారానికి చేరి మంగళవారం బయల్దేరేలా చూసుకుంటే శనివారం సంతా, సోమవారం సంతా రెండూ కలుస్తాయి. సోమవారం మ్యూజియంలు మూసేస్తారు, ఆ పగలు సందులకు ఉంచుకోండి.